మణికట్టు పట్టు

కుస్తీ నేర్చుకునే తాలీంఖానా గడప మీద ఒక ముసలామె వచ్చి కూర్చుంది.

లోపల సాము చేస్తున్న ఐలయ్య చిరాగ్గా ఆగాడు. మదీనాగూడ తాలీంలోకి ఆడమనిషి రాకూడదు. వస్తే కుస్తీ మట్టికి మైల. నెలకోసారి తల మీద నీళ్లు పోసుకునే పహిల్వాన్లకు కూడా ఈ మైల పట్టింపు మాత్రం గట్టిగా ఉండేది.

"ఏయ్, లెవ్వు! ఎవలు నువ్వు?"

"గాజులమ్ముకునేదాన్ని బిడ్డా," అంది ఆమె, భుజం మీది గాజుల మలారం దించుకుంటూ. "ఎల్లుండి కూకట్‌పల్లి జాతరల తెల్లాపూర్ వీరేశంతోని కుస్తీ పట్టేది నువ్వేనా?"

"నేనే. అయితే ఏంది? గాజులు తొడుగుతవా నాకు?"

పక్కనున్న ఎల్లేశం పడీ పడీ నవ్వాడు. ఐలయ్య ఏమన్నా నవ్వడమే ఎల్లేశానికి పని.

ముసలామె నవ్వలేదు.

"వాడు మణికట్టు పడ్తడు. అరచెయ్యి లోపలికి మడిచి ఒత్తుతడు. నువ్వు వెనుకకు గుంజకు. ఎంత గుంజితే అంత బిగుస్తది. చెయ్యి వదులు చేసి, మోచెయ్యి ముంగటికి తోసుకుంట వాని మీదికే పో. ఊడొస్తది."

"ఇవన్నీ నీకెట్ల ఎర్క?"

"నలభై ఏండ్ల సంది ఆడోళ్ల చేతులే పడుతున్న. గుంజుకునే పిల్లకు నొప్పి. వదిలేసిన పిల్లకు గాజు మెల్లగ ఎక్కుతది."

"శబ్బాష్! గాజులు తొడిగినట్టు కుస్తీ పట్టమంటున్నది, ఇన్నవా ఎల్లేశం?"

"ఊడరాకుంటే రెండో చేత్తోని భూమి తట్టు బిడ్డా. ఓడిపోతవు గని చెయ్యి దక్కుతది."

ఐలయ్య మొహం ఎర్రబడింది. ఓడిపోవడమనే మాట అతని ముందు ఊళ్లో ఎవరూ ఎత్తరు.

"దినాం ఇరవై తాళ్లెక్కి కల్లు గీసే చెయ్యి ఇది! దీన్ని ఇరిచేటోడు ఇంక పుట్టలే."

"అందుకే చెప్తున్న. ఆ చెయ్యే కద నీకు బువ్వ పెట్టేది."

"పోతవా, మెడవట్టి గెంటాల్నా?"

అంటూనే మలారాన్ని కాలితో బయటికి తన్నాడు. గాజులు చిట్లాయి. ముసలామె ఎవరి కాళ్లకైనా గుచ్చుకుంటాయని పెంకులన్నీ ఏరి, కొంగులో మూటకట్టుకుని వెళ్లిపోయింది.

"వీరేశమే పంపిండే దీన్ని," అన్నాడు ఎల్లేశం, గడప మీద పసుపునీళ్లు చల్లుతూ. "లేకపోతే పగోని మీదికే పొమ్మంటదా ఎవలన్న?"

ఇంత తెలివైన మాట ఎల్లేశం అంతకుముందెన్నడూ అనలేదని ఐలయ్య మెచ్చుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తే భార్య భాగ్యమ్మ ఎదురొచ్చింది.

"ఒక అవ్వ వచ్చిపోయింది. నా చెయ్యి పట్టి చూపిచ్చింది. గుంజితే పానం పోయినట్టయింది. మీదికి పోతే నిజంగనే ఊడొచ్చింది. జర ఒక్కసారి నా చెయ్యి పట్టి చూడు."

"ఛీ, జరుగు! పెండ్లాం దగ్గర పట్లు నేర్సుకున్నడంటే మొకాన ఉమ్మేస్తరు."

"ఆ చెయ్యి పోతే తాడెవలెక్కుతరు? పిల్లలకు ఏం పెడుదం?"

"నోర్ముయ్యి."

రజాకార్ల రోజుల్లో రెండేళ్లు ఆగిపోయిన జాతర ఆ ఏడే మళ్లీ మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కూకట్‌పల్లికి కదిలాయి.

వీరేశం సన్నగా, పొట్టిగా ఉన్నాడు. వాణ్ణి చూడగానే ఐలయ్యకు నవ్వొచ్చింది. జనానికి వినబడేలా తొడ చరిచాడు. అసలు కుస్తీ కంటే ఆ తొడ చరుపుడే ఎక్కువసేపు సాగింది.

నాలుగు క్షణాల్లో అతని కుడి మణికట్టు వీరేశం చేతిలో ఉంది. అరచెయ్యి లోపలికి మడతపడింది.

"తట్టే అన్నా," అన్నాడు వీరేశం చెవి దగ్గర, మెల్లగా. "భూమి తట్టు. ఇడిసిపెడ్త."

ఐలయ్య తుపుక్కున ఉమ్మాడు. తాడెక్కే బలమంతా కూడగట్టి చెయ్యి వెనక్కి లాగాడు.

ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది.

కట్టు కట్టేవాడు వెదురు బద్దలు వేసి బిగించి, "ఎముక అతుకుతది గని, ఇగ తాడెక్కే ముచ్చట మర్చిపో," అన్నాడు. భాగ్యమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఎల్లేశం అప్పటికే గెలిచినవాడి చుట్టూ మూగిన గుంపులో చేరిపోయాడు.

ఆ గుంపులోంచి విడిపించుకుని వీరేశం వాళ్ల దగ్గరికి వచ్చాడు. గెలిచిన కళ అతని మొహంలో లేదు.

"ఇంక ఏం ఇరగ్గొట్టనీకొచ్చినవ్?" అంది భాగ్యమ్మ.

"నేను ఇరువలే అక్కా. గుంజుకుంటేనే ఇరుగుతది." తలవంచుకుని అడిగాడు. "మీ దగ్గరికి గాజులమ్మే అవ్వ రాలేదా?"

"వచ్చింది," అన్నాడు ఐలయ్య. "నువ్వు పంపినవనుకున్న. తన్ని తరిమేసిన."

"ఇప్పటికి నలుగురు పహిల్వాన్లు ఆమెను ఎల్లగొట్టిన్రు."

"ఎవలామె?"

వీరేశం విరిగిన చేతి వైపు చూడలేకపోయాడు.

"ఈ పట్టు నాకు నేర్పిన మా అమ్మ అన్నా. నా చేతిల ఎవ్వని చెయ్యి ఇరగొద్దని, నేను కుస్తీకి పోయే ప్రతి ఊరికి నాకంటే ముందుగాల నడిచిపోతది."