టికెట్ లేని గిరాకి

తెల్లారి హోటల్ తలుపులు తియ్యంగనే నూరుల్లా గుండెల రాయి పడ్డది.

అద్దాల పెట్టెల ఒక చేప చచ్చి ఉన్నది.

చచ్చిన చేప మీద దొంగ దొరికిండు.

వేలెడు పొడుగు పురుగు. గులాబీ రంగు. రెండు పక్కల తెల్లటి నూగు. కాళ్లు లెక్కపెడదామంటే నిలబడడు. మనిషి నీడ పడంగనే రాయి కిందికి సర్రున దూరిండు.

బోధన్ బస్టాండు కాడ నూరుల్లాది చాయ్ హోటల్. ఎదురుంగ రామ్‌దాస్ తన హోటల్ల రేడియో పెట్టిన నాటి నుంచి గిరాకంత రోడ్డు దాటిపోయింది. బొంబాయి ఓడరేవుల పనిచేసే బామ్మర్ది అద్దాల పెట్టె, డబ్బాల నిండ సముద్రపు నీళ్లు, ఒక సముద్రపు రాయి, మూడు పసుపు చారల చేపలు రైల్ల తెచ్చి పెడితేనే మళ్లీ ఇటు దాటింది.

రేడియో అందరు విన్నదే. సముద్రం ఎవరు చూసిండ్రు?

నీళ్లకు గాలాడాలని నూరుల్లా సైకిల్ పంపు పెట్టిండు. పంపు కొట్టినోనికి చాయ్ మీద మలాయి ఎక్కువ. చెరుకు బండ్లు ఆపి మరీ వచ్చి కొట్టేటోళ్లు. ఒకనాడు ఎంత జోరుగ కొట్టిండ్రంటే, చేపలు పైకి లేచి చాయ్ కెటిల్ చుట్టు ఒక చుట్టు తిరిగి మళ్లీ నీళ్లల్ల పడ్డయట. నమ్మనోళ్లు చెరుకు రైతు భీమన్నను అడగొచ్చు.

ఇంకో రివాజు కూడ పడ్డది. చాయ్ తాగినోడు చేపలకు బిస్కెట్ ముక్క వెయ్యకుండ లేవడు. సముద్రం నుంచి వచ్చిన చుట్టాలను ఉపాసం ఉంచుతరా?

ఎన్ని వేసినా తెల్లారేసరికి ముక్క మిగిలేది కాదు. చేపలు బాగ తింటున్నయని నూరుల్లా మురిసిపోయేటోడు.

గసొంటి సంసారంల గీ దొంగ.

"గిది చెరుకు తొలిచే పురుగే," అన్నడు భీమన్న. "నా తోటల సగం గిదే తిన్నది."

దారం కట్టి చెరుకు ముక్క దించిండ్రు. పురుగు మూతి కూడ పెట్టలే.

"బోధన్ చెరుకు వద్దన్నదంటే గిది చెరుకు పురుగు కాదు," భీమన్న ఒప్పుకున్నడు. "గొంగళిపురుగు. గూడు కట్టి, ఎండినంక సీతాకోకచిలుక అయితది."

"నీళ్లల్ల ఎట్ల ఎండుతదే?" అన్నడు నూరుల్లా.

భీమన్న సాసర్ల చాయ్ పోసుకొని ఊదుకుంట కూసున్నడు.

అప్పుడు బాలనర్సయ్య లేచిండు. రైల్వేల టికెట్ కలెక్టర్ చేసి దిగిపోయిన మనిషి. నల్లకోటు మాత్రం దిగలేదు. పెండ్లికి పోయినా ముందుగాల అందరి చేతుల దిక్కే చూస్తడు.

"నూరుల్లా భాయ్, మీ బామ్మర్ది చేపలను తెచ్చిండు. రాయిని తెచ్చిండు. దీన్ని తెచ్చిండా?"

"లేదు సాబ్. రాయిల దాక్కొని వచ్చినట్టున్నది."

"అంటే టికెట్ లేకుండ వచ్చింది. పగలు ఏం చేస్తది?"

"రాయి కింద పంటది."

"మనిషి అలికిడైతే?"

"ఇంక లోపలికి దూరుతది."

"గంతే. బెంచీ కింద దూరినోడు టికెట్ లేనోడే. మన్మాడ్ లైన్ల నా చేతుల నుంచి ఒక్కడు తప్పించుకోలే. దుప్పటి మూటల మేకపిల్ల అరిస్తే, అరుపును బట్టి హాఫ్ టికెట్టా ఫుల్ టికెట్టా చెప్పినోన్ని."

"చేపను చంపింది కూడ గిదేనా సాబ్?"

"శవం మీద దొరికినంక ఇంకెవరని అడుగుతవేంది?"

చాయ్ జాలీల ఖీమా ముద్ద పెట్టి దించిండ్రు. పురుగు వచ్చి కూసున్నది. నూరుల్లా వేళ్లతోని పట్టుకున్నడు. వేళ్లు పచ్చిమిరపకాయ నూరినట్టు మండినయి.

"విషం," అన్నడు బాలనర్సయ్య తృప్తిగ.

"తినెటప్పుడు పట్టి గుంజితే నేను కూడ గట్లనే చేస్త," అన్నది వంటింటి గోనెపరద వెనుక నుంచి నూరుల్లా భార్య మహబూబీ.

ఆమె మాట ఎవరు వినలే.

భీమన్న దాన్ని చెంబుల వేసుకపోయి నిజాంసాగర్ కాలువల వదిలిండు. ఉత్తగ వదల్లే, తొవ్వ చెప్పిండు. "గీ నీళ్లెంబడి మంజీరకు పో. కందకుర్తి కాడ గోదావరి ఎక్కు. సీదా సముద్రంల దిగు."

"ఈసారి టికెట్ తీస్కో," అన్నడు బాలనర్సయ్య.

ఆ సంబురంల పెట్టెలకు ఆనాడు రెట్టింపు బిస్కెట్లు పడ్డయి.

తెల్లారి చూస్తే ముక్కలు ఎక్కడియి అక్కడనే ఉన్నయి.

"తోటిది పోయిన దుఃఖం. తినబుద్ధి అయితలేదు," అన్నడు భీమన్న.

మరునాడు నీళ్లు మజ్జిగైనయి. ఆ మరునాడు లేచిన వాసనకు రోడ్డవతల రామ్‌దాస్ రేడియో కూడ ముక్కు మూసుకొనే పాడింది. శుక్రారం జుమ్మా నాటికి మిగిలిన రెండు చేపలు పొట్టలు పైకి పెట్టినయి.

గిరాకి మళ్లీ రోడ్డు దాటింది. భీమన్న కూడ దాటిండు, తల వంచుకొని.

ఖాళీ హోటల్ల నూరుల్లా, బాలనర్సయ్య ఇద్దరే మిగిలిండ్రు. నూరుల్లా పెట్టె అడుగున పేరుకున్న బిస్కెట్ బురదను గంటెతోని తీస్తున్నడు.

"ఇన్ని దినాలు గిదంత ఎటు పోయేది సాబ్?"

"చేపలు తింటున్నయంటివి కదా."

"అవి పైపైన రెండు కొరుకులు కొరికి పోయేటియి. అడుగుకు దిగంగ నేనెన్నడు చూడలే."

"మరి అడుగున ఎవడుండె?"

ఇద్దరు రాయి దిక్కు చూసిండ్రు.

బాలనర్సయ్య నల్లకోటు గుండీలు ఒకటొకటే విప్పి, కోటు తీసి మడిచి ఒళ్లె పెట్టుకున్నడు.

"నూరుల్లా భాయ్, టికెట్ లేకుండ రైలెక్కి బెంచీల కింద దూరేటోడు ఇంకొకడుంటడు. వాన్ని మాత్రం నా నౌకరీల నేనెన్నడు దింపలే."

"ఎవడు సాబ్ వాడు?"

"రైలు డబ్బా ఊడ్చెటోడు."