చిన్న గదిలో లైటు

పొద్దువాలింది. చిన్న గదిలో లైటు దానంతటదే వెలిగింది.

"మళ్ళీ!" అంది భార్య. మడతపెడుతున్న దుప్పటి చేతిలోంచి జారిపోయింది.

ఆ అద్దె ఇంట్లో దిగి వారమే అయింది. రోజూ ఇదే వరస. ఎవరూ ముట్టుకోరు. చీకటిపడే వేళకి వెలుగుతుంది, తెల్లారేసరికి ఆరిపోయి ఉంటుంది.

"దెయ్యానికి లైటుతో పనేంటే? దానికి చీకట్లోనే కదా హాయి!" అన్నాడు భర్త. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "పోనీ, ఆ స్విచ్ కట్టేస్తాను. పీడా పోతుంది."

"అమ్మో, వద్దు! పక్కింటావిడ చెప్పింది మర్చిపోయారా?"

ఎలా మర్చిపోతాడు? అంతకుముందు అద్దెకున్నవాళ్ళ పిల్లాడు ఆ గదిలోనే జ్వరంతో కన్నుమూశాడట. వాడికి చీకటంటే హడలట. పొద్దువాలకముందే లైటు వెయ్యకపోతే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడట. ఆ తల్లీతండ్రీ ఇక అక్కడ ఉండలేక ఎటో వెళ్ళిపోయారు. ఫోన్‌తో వెలిగించే ఆ లైటునీ, వైఫై డబ్బానీ ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. కనెక్షన్ కూడా తీయించలేదు. నెలల తరబడి ఇల్లు ఖాళీగా పడుంది.

"లైటు తీసేస్తే ఆ పసివాడు ఊరుకుంటాడా? రేపే అక్కావాళ్ళింటికి పోతాను. ఈ కడుపుతో ఇక్కడ నావల్ల కాదు" అని బావురుమంది.

పుట్టబోయే బిడ్డకి ఆ చిన్న గది బాగుంటుందనే ముచ్చటపడి తీసుకున్నారు ఆ ఇల్లు.

ఆ లైటు వైఫైతో నడిచేదే కదా అని మర్నాడు మధ్యాహ్నం భర్త వైఫై కంపెనీకి ఫోన్ చేశాడు. ఇంటి ఓనరు ఇచ్చిన కనెక్షన్ నంబరు చెప్పాడు.

"ఒక్క నిమిషం సార్. ఈ నంబరు గురించి ఏమొచ్చినా మా మేడమ్‌కే కలపమన్నారు."

మేడమ్ నింపాదిగా అంతా విన్నది.

"మీ డబ్బా లోపల నడిచే ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్ అంటాం, అది పాతదండీ. అందులో ఒక కంత ఉంది. తెలిసినవాళ్ళు పాస్‌వర్డ్ లేకుండానే బయటినుంచి దూరిపోయి, మీ ఇంట్లో లైట్లు వెయ్యగలరు, ఆర్పగలరు."

"హమ్మయ్య! దెయ్యం కాదు, దొంగన్నమాట" అన్నాడు భర్త. ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. "కంత ఉందని తెలిసీ ఊరుకున్నారేంటండీ?"

"ఊరుకోలేదు. ఆ కంత కనిపెట్టింది నేనే. అందరి డబ్బాలూ సరిచేశాం. మీదొక్కటే మిగిలింది."

"మాదొక్కటే ఎందుకు మిగలాలి?"

"తప్పు నాదే" అందావిడ.

భార్య ఫోన్ లాక్కుంది. "మేడమ్, నిజం చెప్పండి. మనిషేనా?"

"మనిషేనమ్మా."

"అంత కష్టపడి దూరినవాడు ఒక్క లైటు వేసి పోతాడా?"

ఆవిడ మాట మార్చింది.

"మీరు ఆ ఇంట్లో ఎప్పుడు దిగారమ్మా?"

"వారమైంది. ఆ గదిలో ఉయ్యాల పెట్టుకుందామనుకున్నాం. ఇప్పుడు ఆ గుమ్మం తొక్కాలన్నా భయమేస్తోంది. సామాను సర్దేసుకున్నాను."

"ఉయ్యాలా..." అందావిడ. "ఎక్కడికీ వెళ్ళకమ్మా. ఆ కంత ఇప్పుడే మూసేద్దాం. మీవారిని ముందు స్టూలు తెచ్చుకోమను."

భర్త స్టూలు తెచ్చి అటక దగ్గర వేసుకుని ఎక్కాడు. అటక మీది వైఫై డబ్బా దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఆవిడ చెబుతూ పోయింది, అతను చేస్తూ పోయాడు. కొత్త ఫర్మ్‌వేర్ దిగింది. బయటినుంచి సెట్టింగులు మార్చే వీలు ఆపేశారు. డబ్బా మీది ఎర్ర దీపం మినుకు మినుకుమని, పచ్చగా మారింది.

"ఇప్పుడు కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. నాక్కూడా చెప్పొద్దు."

"ఇంక ఎవరూ రాలేరా?"

"రాలేరు. సాయంత్రం లైటు సంగతి ఏమైందో నాకోసారి ఫోన్ చేసి చెప్పండి" అని తన నంబరిచ్చింది.

పొద్దువాలింది. మొగుడూపెళ్ళాలిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. గదిలో నెమ్మదిగా చీకటిపడింది. లైటు వెలగలేదు.

భార్యకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కట్టిన సంచీ విప్పి పారేసింది. గబగబా ఫోన్ చేసింది.

"మేడమ్, వెలగలేదు! మీ మేలు ఈ జన్మలో మర్చిపోను."

"తెలుసమ్మా, వెలగలేదు."

అలా అన్న ఆవిడ, ఇన్నాళ్ళూ తన కొడుకు గదిలో లైటు వెలిగించిన బటన్ మీద నుంచి వేలు ఇంకా తియ్యలేదు.