గాడిదకు సెల్యూట్

“రాత్రి కాపలాలో నిద్ర ముంచుకొస్తే ఏం చేసేవాడివి?” అన్నాడు షౌకీ, కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి.

వగీహ్ గతుక్కుమన్నాడు. “అది కూడా బయోడేటాలో రాస్తారా అన్నా?”

“ఏది రాయాలో నాకొదిలెయ్. అడిగినదానికి చెప్పు.”

ఇంబాబా పేటలో షౌకీ జిరాక్స్ షాపు తెలియని కుర్రాడు లేడు. సైన్యంలో తప్పనిసరి గడువు ముగించుకుని వచ్చిన ప్రతివాడూ ముందు అక్కడికే పోతాడు. షౌకీ రాసిచ్చాడంటే ఉద్యోగం ఖాయమని పేరు. మనిషి కూడా పాత సిపాయిలాగే ఉంటాడు. నిటారుగా నిలబడతాడు, జుట్టు పొట్టిగా కత్తిరిస్తాడు, ఎదుటివాణ్ణి ఒక పట్టాన నమ్మడు.

వగీహ్‌కి మర్నాడు పాస్తా ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది వస్తేనే నిహాల్‌తో ఉంగరాలు మార్చుకోవడం. రాకపోతే వేరే సంబంధం చూసుకుంటామని ఆమె తండ్రి మొహం మీదే చెప్పేశాడు.

“పచ్చి ఉల్లిపాయ కొరికేవాణ్ణి. కళ్ళు మండి నిద్ర ఎగిరిపోయేది.”

షౌకీ తలాడించాడు. ఒక్క అక్షరం కూడా టైపు చెయ్యలేదు.

“సార్జెంటుకి కోపమొస్తే ఏమని తిట్టేవాడు?”

“మా వంశాన్నంతా తిట్టేవాడు.”

“అలా కాదు. ఆయన నోటి మాట ఆయన చెప్పినట్టే చెప్పు.”

వగీహ్‌కి అనుమానం వచ్చింది. శిబిరం సంగతులు బయట వాగొద్దని విడుదల చేసేటప్పుడు గట్టిగా హెచ్చరించి పంపారు. ఈ మనిషికెందుకు ఇవన్నీ? పోలీసులకి కబుర్లు మోసేవాళ్ళు ప్రతి సందులోనూ ఉంటారని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటూ చెబుతూనే ఉంటుంది.

“మీరెక్కడ చేశారన్నా?” అని మెల్లగా అడిగాడు.

“ఎక్కడేమిటి? ఎడారిలో. ఇక్కడ ప్రశ్నలు వేసేది నేను.”

తెర మీద ‘సైనిక సేవ’ అన్నచోట షౌకీ ‘పూర్తయింది’ అని కొట్టాడు. మాట మార్చడానికి వగీహ్‌కి అది చాలు.

“మా పిన్ని కొడుకు నాదిర్‌ది అదృష్టమన్నా. ఇంటికొక్కడే కొడుకని సైన్యం వాణ్ణి పిలవనే లేదు. మినహాయింపు కాగితం చేతిలో పెట్టి పంపేసింది. అక్కడ నేను ఇసుక మింగుతుంటే ఇక్కడ వాడు ఉద్యోగంలో చేరి స్కూటర్ కొన్నాడు.”

షౌకీ మొహం మాడ్చుకున్నాడు. “అమ్మ కొంగు పట్టుకు తిరిగేవాళ్ళ మాట నా దగ్గర ఎత్తకు. వాళ్ళకేం తెలుసు?”

అంతలో మూడో అంతస్తు నుంచి తాడుకు కట్టిన బుట్ట దిగింది. అందులో టీ ఫ్లాస్కు. పైన బాల్కనీలో ఉమ్మ్ షౌకీ, అంటే షౌకీ తల్లి, చల్లారకముందే తాగమని కేకేసింది. షౌకీ రెండు గ్లాసుల్లో పోసి ఒకటి వగీహ్ ముందుకు తోశాడు.

“ఇప్పుడు అసలైంది చెప్పు. ఎవరికీ చెప్పుకోలేనిది. నిజంగా కాపలా కాసినవాడికి ఒక్కటైనా ఉంటుంది. అది చెప్పందే నీ కాగితం ఈ షాపు దాటదు.”

వగీహ్ తలుపు వైపు చూశాడు. లేచిపోదామనిపించింది. నిహాల్ తండ్రి గుర్తొచ్చాడు. మళ్ళీ కూర్చున్నాడు.

“ఇసుక తుఫాను రాత్రి. నీళ్ళ ట్యాంకు దగ్గర నేనొక్కణ్ణే. చీకట్లో ఎవడో వస్తున్నాడు. ఆగమన్నాను, ఆగలేదు. సంకేతపదం చెప్పమని గొంతు చించుకుని అరిచాను. పలకడు. తుపాకీ ఎత్తేసరికి ఓండ్రపెట్టింది.”

“గాడిదా!”

“గాడిదే. తెల్లారాక సార్జెంటు దాన్ని అందరి ముందూ నిలబెట్టి, నా చేత సెల్యూట్ కొట్టించాడు. సిగ్గుతో చచ్చిపోయానన్నా. మా అమ్మకి కూడా చెప్పలేదు.”

షౌకీ నవ్వలేదు. “గాడిద ఏ రంగు?” అన్నాడు.

“బూడిద రంగు,” అన్నాడు వగీహ్. వాడి అనుమానం రెండింతలైంది.

కానీ బయోడేటా మాత్రం చూడముచ్చటగా వచ్చింది. ట్యాంకు దగ్గర నిలబడటం ‘నీటి నిల్వల భద్రత’ అయింది. పప్పు వండి వడ్డించడం ‘ఆహార సరుకుల పర్యవేక్షణ’ అయింది. చివర్న ‘విపత్తులోనూ నియమం తప్పని స్వభావం’ అని ఉంది.

“ఇదేమిటన్నా?”

“గాడిద,” అన్నాడు షౌకీ.

ఉద్యోగం వచ్చింది. ఉంగరాలకి తేదీ కూడా ఖాయమైంది. పై గురువారం సాయంత్రం వగీహ్ ట్రే నిండా బస్బూసా మిఠాయి తీసుకుని షాపుకొచ్చాడు. మనిషిని అనవసరంగా అనుమానించానే అని దారి పొడవునా సిగ్గుపడ్డాడు.

షాపు ముందు కుర్చీల్లో, గుండు మీద ఇంకా జుట్టు సరిగ్గా మొలవని కుర్రాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. మధ్యలో షౌకీ నిలబడి చెబుతున్నాడు.

“...బూడిద రంగు గాడిద! తెల్లారాక సార్జెంటు, అందరి ముందూ, నా చేత సెల్యూట్ కొట్టించాడు! సిగ్గుతో చచ్చిపోయాననుకోండి!”

వగీహ్ ఒళ్ళు మండిపోయింది. కుర్రాళ్ళు నవ్వే కొద్దీ షౌకీ మొహం వెలిగిపోతోంది. అవమానాన్ని కూడా దొంగిలించేవాణ్ణి వాడు ఇంతవరకూ చూడలేదు. ఆ మాటే అనడానికి నోరు తెరిచేసరికి బుట్ట దిగి సరిగ్గా వాడి ముక్కు ముందు ఆగింది.

“ఏం తెచ్చావు నాయనా?” అంది ఉమ్మ్ షౌకీ పైనుంచి.

ముసలావిడ ముందు గొడవెందుకని వగీహ్ కోపం దిగమింగి, ట్రే బుట్టలో పెట్టాడు.

“బస్బూసా అమ్మా. ఉద్యోగం వచ్చింది.”

“అయ్యో, ఇంతెందుకు? ఎవరు తింటారు?”

“షౌకీ అన్న అన్నదమ్ములకీ పెట్టండమ్మా.”

ఆవిడ తాడు లాగుతూ, వీధి వీధంతా వినిపించేలా నవ్వింది.

“అన్నదమ్ములా? నాకు షౌకీ ఒక్కడే నాయనా!”