ఎర్ర క్యాసెట్

"ఇదిగోండి మేడమ్, దొంగ పెట్టె! ఎత్తుకెళ్ళండి," అంటూ పెద్దల్లుడు తన తోడల్లుడి కౌంటరు మీదికి వేలు చూపించాడు. తనది కోపమని ఆయన అనుకున్నాడు గానీ, అది అచ్చమైన కడుపుమంట.

మండదూ మరి? ఆయన షాపులో నలభై వీడియో గేమ్ క్యాసెట్లున్నాయి. నలభైకి నలభై ఎర్రగా నిగనిగలాడుతూ అద్దాల బీరువాలో కూర్చున్నాయి. ఆడాలంటే క్యాసెట్లోకి ఉఫ్‌మని ఊది, మెషీన్లో గుచ్చి, దేవుడికో దణ్ణం పెట్టుకోవాలి. ఎదురు షాపులో చిన్నల్లుడు అవే పాత గేములు అరచేతంత పెట్టెలోకి కాపీ చేసి, ఒక్క మీట నొక్కి ఆడిస్తున్నాడు. జనమంతా అక్కడ, ఈగలన్నీ ఇక్కడ. పోయిన నెల మామగారు కూడా పెద్దల్లుణ్ణి పలకరించకుండా దాటిపోయి, చిన్నల్లుడి దగ్గర గంటసేపు ఆడుకుని వెళ్ళారు. ఆ రోజే ఈయన గేముల కంపెనీకి ఫిర్యాదు రాసి పడేశాడు.

ఇవాళ కంపెనీ ఆఫీసరమ్మ కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"అనుమతి లేకుండా కాపీ చెయ్యడం తప్పని తెలీదా?" అని చిన్నల్లుణ్ణి అడిగింది.

"తెలుసు మేడమ్. కానీ ఇవి మీరు అమ్మడం మానేసి పాతికేళ్ళయింది. ఆ మెషీన్లూ ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. ఇలా ఎక్కించకపోతే రేపు ఆడదామన్నా దొరకవు."

"కబుర్లు! దొంగతనంలో పాతదేమిటి, కొత్తదేమిటి?" అన్నాడు పెద్దల్లుడు.

ఆఫీసరమ్మ సంచిలోంచి ఓ తెల్లకాగితం తీసి చిన్నల్లుడి ముందు పెట్టింది. "సరే, మొదటి తప్పు. అన్నీ చెరిపేసి, ఇక ఆడించనని రాసివ్వండి. చాలు."

చాలా? పెద్దల్లుడి ప్రాణం ఉసూరుమంది. షాపు మూతపడుతుందని ఆశపడితే చీవాట్లతో సరిపెడుతోంది!

"అలా వదిలేస్తే ఎలా మేడమ్? అసలు సరుకు చూస్తే వీడి మోసం ఎంతదో మీకే తెలుస్తుంది. ఉండండి, నా ఒరిజినల్ తెస్తాను."

చిన్నల్లుడు చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నయ్యా. నా మాట విని ఊరుకో." కిందటేడు ఆయన క్యాసెట్ ఒకటి మొరాయిస్తే విప్పి బాగుచేసింది అతనే.

"ఏం, నీ బండారం బయటపడుతుందనా?" పెద్దల్లుడు విదిలించుకుని పోయాడు. బీరువాలోకెల్లా మెరిసే క్యాసెట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇలాంటివి నలభై ఉన్నాయి మేడమ్. రోజూ నేను ఆడించేది వీటితోనే!"

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి విప్పి, లోపల చూసింది. చిన్నల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

"మా కంపెనీ క్యాసెట్లన్నీ బూడిద రంగువే. ఎర్రది ఒక్కటీ చెయ్యలేదు," అంది ఆఫీసరమ్మ. "కానిస్టేబుల్ గారూ, ముందు ఈయన షాపుకి తాళం వెయ్యండి."