వెనక బల్లల మీద టీచర్లు

“నన్ను ఒకటో తరగతికి పంపుతారా? ఇరవై రెండేళ్ల సర్వీసు మేడం నాది! ఈ వయసులో ముక్కులు తుడవమంటారా?” లుబిండా సారు కుర్చీలోంచి లేచిపోయాడు.

“కూర్చోండి సార్. పంపాల్సి వస్తుందేమో అన్నాను, అంతే,” అంది హెడ్మిస్ట్రెస్ ముబిటా మేడం.

ఆవిడ ముందు పరీక్ష పేపర్ల కట్టలున్నాయి. మోంగు ఊరి చివరనున్న ఆ చిన్న బళ్లో టీచర్లు ఏడుగురు. పొద్దుట్నుంచీ ఆ కట్టలు తిరగేసి, తమ బడి ఎక్కడ కుంటుతోందో తామే వెతుక్కుంటున్నారు. అందరి వేళ్లూ ఒక్కచోటే ఆగాయి: లుబిండా సారు చూసే ఐదో తరగతి, భిన్నాలు. నలభై ఒక్క మందిలో ముప్పై తొమ్మిది మందికి సున్నా. మిగతా ఇద్దరూ పరీక్షకి రాలేదు.

“భిన్నాలు వచ్చే నెల చెబుదామనీ...” నసిగాడు లుబిండా.

“ఏ ఏడాది వచ్చే నెల సార్?” అంది నముకోలో టీచరు. ఆవిడది నాలుగో తరగతి. ఐదో తరగతి మీద ఆవిడకి ఎప్పట్నుంచో కన్నుంది.

ముబిటా మేడం తేల్చేసింది. “వచ్చే శుక్రవారం మీ క్లాసులో భిన్నాల పాఠం. మేమంతా వెనక కూర్చుని చూస్తాం. బాగుంటే క్లాసు మీదే. బాగోకపోతే ఐదు నముకోలోకి, ఒకటి మీకు.”

శుక్రవారం ఆరుగురు టీచర్లూ వెనక బల్లల మీద సర్దుకున్నారు. పిల్లల బల్లలు కదా, మోకాళ్లు గడ్డాలకి తగులుతున్నాయి. పాఠం జరుగుతున్నంతసేపూ వాళ్లు నోరు విప్పకూడదు. అయ్యాక విమర్శించుకోవచ్చు కానీ, పాఠాన్నే అనాలి, టీచర్ని అనకూడదు. ఆ నియమం ఎంత చక్కగా అమలవుతుందో టీచర్ల గదిలో కూర్చున్నవాళ్లకే తెలుసు.

‘సగానికి మూడో వంతు కలిపితే ఎంత?’ అని బోర్డు మీద రాసి, లుబిండా సారు కిటికీ పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

ఇనోంగె అనే పిల్ల లేచి, బల్ల మీద ఆరు మొక్కజొన్న గింజలు పరిచింది. “సగమంటే మూడు గింజలు. మూడో వంతంటే రెండు. మొత్తం ఐదు. ఆరింట్లో ఐదు వంతులు సారూ.”

“ఆరే ఎందుకు తీసుకున్నావు?”

“సగానికీ, మూడో వంతుకీ రెంటికీ సరిగ్గా తెగేది ఆరే కదా సారూ!”

“ఏమో, నాకర్థం కాలేదు. ఇంకొకళ్లు చెప్పండి.”

పది చేతులు లేచాయి. ఒకడు చెప్పాడు. వాడు చెప్పింది తప్పని ఇంకొకతె ఎగిరింది. క్లాసంతా చేపల సంతలా ఉంది గానీ, ఆ గోలంతా లెక్క గురించే.

నముకోలో తన కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘బట్టీ’ అని రాసుకుంది. వారం రోజులు ఈ ఒక్క లెక్కే రుద్దించి ఉంటాడు! చీటీ మీద కొత్త లెక్క రాసి ముబిటా మేడానికి అందించింది. మేడం లేచివెళ్లి ‘పావు, మూడో వంతు కలపండి’ అని బోర్డు మీద రాసింది. లుబిండా సారు నుదుటి మీద చెమట పట్టింది.

పిల్లలు గింజల మీద పడ్డారు. ఎనిమిది పరిచారు, తీసేశారు. పన్నెండు పరిచారు. “మూడూ నాలుగూ ఏడు! పన్నెండింట్లో ఏడు వంతులు!” మూలనుంచి ఒక కేక.

నముకోలో పెన్సిలు మొన విరిగింది.

ఆ తర్వాత సమీక్షలో ముబిటా మేడం ముఖం వెలిగిపోయింది. “నలభై నిమిషాల్లో ఒక్క జవాబు కూడా తను చెప్పలేదు చూశారా? పిల్లల చేత చెప్పించండి, చెప్పించండి అని శిక్షణల్లో ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నారు! చేసి చూపించింది ఈయనొక్కడే. ఐదో తరగతి మీదే సార్.”

“ఏదో మేడం, మీ దయ,” అన్నాడు లుబిండా. నముకోలో కూడా చేదుమందు మింగినట్టు “పాఠం బాగుంది” అనక తప్పలేదు.

ఈ పద్ధతి బడి మొత్తానికీ పెట్టాలని మేడానికి ఆశ పుట్టింది. వారంలో ఎలా సాధించారని అడిగితే, “చెప్పడానికేముంది మేడం” అని నవ్వేసి లుబిండా ఇంటిదారి పట్టాడు. ఆవిడ కలం, పుస్తకం పట్టుకుని ఇనోంగెని పిలిపించింది.

“సారు మీకు భిన్నాలు ఎలా నేర్పారమ్మా? మిగతా టీచర్లకి చెబుదాం.”

ఇనోంగె అక్కడి మర్యాద ప్రకారం చేతులు తట్టి దండం పెట్టింది. “సారు నేర్పలేదు మేడం. సోమవారం మా ముందు కూర్చుని, ‘ఈ పాఠం నాకు రాదర్రా, శుక్రవారానికి రాకపోతే నన్ను ఒకటో తరగతిలో వేసేస్తారు’ అన్నారు. మాకు జాలేసింది. పుస్తకం చూసుకుని, గింజలు పెట్టుకుని, రోజూ బడయ్యాక మేమే ఆయనకి నేర్పాం.”

మేడం చేతిలో కలం ఆగిపోయింది. ఇనోంగెకి భయం వేసింది.

“సారుని ఒకటో తరగతిలో వెయ్యకండి మేడం, బాగా కష్టపడుతున్నారు. సగాలు వచ్చేశాయి. పావులకి ఇంకో వారం పడుతుంది, అంతే!”