తొమ్మిది చుట్లు

డోనట్ల కొట్టు వెనక, కారు కింద జాకీ పెట్టి గ్యారెట్ నేలమీద చతికిలబడ్డాడు.

డేటన్‌లో కార్ల పిచ్చివాళ్ళంతా ఆదివారం పొద్దున్నే అక్కడ చేరతారు. పదింటికి అందరూ కలిసి ఏటి పక్క రోడ్డు మీద నలభై మైళ్ళు తిరిగొస్తారు. ఇవాళ వరసలో ముందు నడిచేది గ్యారెట్ కారే.

ఎర్రటి రెండు సీట్ల కారు. వయసు ముప్పై ఏడు. చక్రాలు కంపెనీవే, ఒక్క గీత కూడా పడలేదు. అవి లోపలికి నక్కి కూర్చున్నాయన్నదే గ్యారెట్ బాధ. అందుకని స్పేసర్లు తెప్పించాడు. చక్రానికీ ఇరుసుకీ మధ్య పెట్టే బిళ్ళలవి. ఏడు మిల్లీమీటర్ల మందం. చక్రం ఆ మేరకు బయటికొస్తుంది, కారు రొమ్ము విరుచుకుని నిలబడుతుంది.

"ఈ పని నిన్న ఇంట్లోనే చేసుకోవచ్చుగా?" అంది భార్య నోరీన్.

"ఇంట్లో చేస్తే ఎవరు చూస్తారు?"

నోరీన్ మడత కుర్చీలో కూర్చుని, కారు పాత యజమాని రాసుకున్న నోటుబుక్కు తిరగేస్తోంది.

ఆ పుస్తకమంటే గ్యారెట్‌కి ప్రాణం. ముప్పయ్యేళ్ళ పాటు ఇంజను ఆయిలు మార్చిన ప్రతిసారీ ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది. కింద ఇ.హెచ్. అని పొడి అక్షరాలు. కారు అమ్మిపెట్టిన వర్తకుడి ద్వారా ఆయనకి గ్యారెట్ మూడు ఉత్తరాలు పంపాడు. ఆదివారాలు ఇక్కడే ఉంటానని రాశాడు. మూడోదాంట్లో, బిళ్ళలు వేద్దామనుకుంటున్నా, మీరేమంటారని అడిగాడు.

జవాబు రాలేదు.

"చూశావా? ఏటేటా అక్షరాలు పెద్దవైపోతున్నాయి. చివరి పేజీలో నాలుగు మాటలే పట్టాయి," అంది నోరీన్.

"వయసుతో పాటు గర్వం పెరిగుంటుంది. లేకపోతే ఒక్క ముక్క రాయడా? ఒకసారి దొరకనీ, కాఫీ తాగిస్తూ సాయంత్రం దాకా వదలను."

గ్యారెట్ నాలుగో చక్రం ఎక్కించి బోల్టు బిగిస్తుంటే మీద నీడ పడింది.

నల్లకళ్ళద్దాల ముసలాయన. చేతిలో గుడ్డ సంచీ.

"బాబూ, ఈ కారు..."

"అమ్మను."

"కొనడానికి రాలేదు."

"అయితే ఆ సంచీలో పాత సామాను తెచ్చారన్నమాట. నేను కొనను."

అక్కడికొచ్చే ముసలివాళ్ళు ఆ రెండు రకాలేనని గ్యారెట్ నమ్మకం.

ముసలాయన చిన్నగా నవ్వాడు. వంగి, మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య వేళ్ళు పోనిచ్చాడు.

"బిళ్ళలు వేసేశావే. బోల్టులు పాతవేనా?"

"చెయ్యి తియ్యండి. రంగు మీద వేళ్ళు పడతాయి."

ముసలాయన చెయ్యి తీసేశాడు.

"పానా చప్పుడు విన్నాను బాబూ. నాలుగు చుట్లకే బిగిసింది. తొమ్మిది తిరగాలి. బిళ్ళ మందమంతా బోల్టు పొడవులోంచే పోయింది."

"ఈ పానా టిక్కుమంటే బిగిసినట్టే. టిక్కుమంది."

"నాలుగు చుట్లకీ టిక్కుమంటుంది. మలుపులో చక్రం ఊడొస్తుంది."

"పెద్దాయనా, మీకు ఏ కారుంది?"

"ఇప్పుడేమీ లేదు."

"అదీ సంగతి. కారు లేనివాళ్ళకే సలహాలెక్కువ."

చుట్టుపక్కల కార్లవాళ్ళు నవ్వారు. నోరీన్ మాత్రం నవ్వలేదు.

ముసలాయన మొహం చిన్నబోయింది. సంచీని చక్రం పక్కన నేలమీద పెట్టి లేచాడు. రోడ్డువారన, ఇంటి సామానంతా ఎక్కించుకున్న వ్యాన్‌లోంచి ఒకమ్మాయి దిగొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"చెప్పావా తాతయ్యా?"

"చెప్పాల్సింది చెప్పాను. పదమ్మా, ఆరెగాన్ చాలా దూరం."

వ్యాన్ వెళ్ళిపోయింది.

పదవడానికి పావుగంట ఉంది. ఒక్కొక్క ఇంజనూ మొదలైంది. గ్యారెట్ జాకీ దింపి, చేతులు తుడుచుకుని, పక్క సీటు తలుపు తీసి పట్టుకున్నాడు.

నోరీన్ కుర్చీలోంచి లేవలేదు.

"ముందు ఆ చుట్లు లెక్కపెట్టు. అప్పుడు ఎక్కుతాను."

"ఎవరో దారినపోయే ముసలాయన మాటకా?"

"లెక్కపెట్టు."

గ్యారెట్ గొణుక్కుంటూ ఒక బోల్టు విప్పాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఊడి చేతిలోకొచ్చింది.

ఇంకోటి విప్పాడు. అదీ నాలుగే.

ఏటి ఒడ్డు రోడ్డు మలుపులు కళ్ళ ముందు తిరిగాయి. పక్క సీట్లో కూర్చోవాల్సింది నోరీన్.

నోరీన్ వచ్చి గుడ్డ సంచీ విప్పింది. నూనె పట్టించి తుడిచిన బోల్టులు, ఇరవై, పాతవాటికంటే పొడుగు. అడుగున ఒక అట్టముక్క. దానికి రెండువైపులా బొటనవేలంతేసి అక్షరాలు.

ఆకుపచ్చ సిరా.

'గ్యారెట్, బిళ్ళలు వేస్తే ఈ బోల్టులు వాడు. తొమ్మిది చుట్లు. నీ ఉత్తరాలు మనవరాలు నిన్న చదివి వినిపించింది. ఇ.హెచ్.'

నోరీన్ ఆ అట్టని నోటుబుక్కు చివరి పేజీ పక్కన పెట్టి చూసింది.

"గర్వం కాదు గ్యారెట్. చూపు తగ్గిపోతూ వచ్చింది."

గ్యారెట్ రోడ్డు దాకా పరిగెత్తాడు. వ్యాన్ జాడ లేదు.

రంగు మీద వేళ్ళు పడతాయని తను కసిరింది, ఆ కారుని ముప్పయ్యేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న మనిషిని.