కొలాత్ కనుమలో చివరి కుర్చీ

గడియారం నాలుగు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు చూపుతుండగా ముసలాయన తన స్కీ కర్రను లిఫ్టు ద్వారానికి అడ్డంగా పెట్టాడు.

"ఇంకొకరున్నారు, నాయనా."

సెవెరీనో నిట్టూర్చాడు. ఆ వారంలో అది ఐదో నిట్టూర్పు.

నాలుగు లోయలను ఏలే ఆ మంచు సామ్రాజ్యానికి కొలాత్ కనుమ కింది కుర్చీల లిఫ్టు పడమటి సింహద్వారం. పన్నెండు శీతకాలాలుగా సెవెరీనో దానికి ద్వారపాలకుడు. కిరీటం, చెవుల దాకా దిగిన ఉన్ని టోపీ. సింహాసనం, పొయ్యి పక్కన ఒక కాలు కుంటిదైన స్టూలు.

ఆ ద్వారపాలకుడికీ ఒక ప్రభువున్నాడు: గది గోడకున్న ఇత్తడి గడియారం. అది నాలుగున్నర చూపగానే చివరి కుర్చీకి ఎర్రపలక తగిలించి పైకి పంపాలి, ద్వారానికి గొలుసు వేయాలి. ఫోన్లు ఏ కాలం చూపినా, నిబంధనావళి గుర్తించే కాలం అదొక్కటే.

పర్వతం చుట్టి వద్దామని పొద్దున బయలుదేరిన సెలవుల జనం ఆలోగా ఈ లిఫ్టు ఎక్కకపోతే ఇవతలి లోయలో చిక్కుబడతారు. వాళ్ళ మంచాలూ పెట్టెలూ కొండకవతల.

ముసలాయన రోజూ అందరికన్నా చివర వచ్చేవాడు, అదీ ఎవరినో ఒకరిని వెంటేసుకుని. సోమవారం, ఒక స్కీ పోగొట్టుకున్న డెన్మార్క్ పంతులు. మంగళవారం, మోకాళ్ళు పట్టేసిన పోలండ్ దంపతులు. బుధవారం, సగం దారిలో ఏడుపు లంకించుకున్న మిలాన్ న్యాయవాది. గురువారం, భర్తతో పోట్లాడి దారి తప్పిన ఇల్లాలు. ప్రతిసారీ గొలుసు ఆలస్యమైంది.

"నిన్న మా కాపో, అదే మా పైఅధికారి, ఏమన్నాడో తెలుసా?" అన్నాడు సెవెరీనో. "ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే నన్ను కార్లు ఆపే మైదానంలో నిలబెడతాడట. రోజంతా మంచులో చెయ్యూపుకుంటూ. నా మోకాళ్ళ సంగతి మీకు తెలీదు."

"తెలుసు. ఈ గదిలో పనిచేసినవాడికి ముందు పోయేవి మోకాళ్ళే."

"పోనీ, ఇవాళెవర్ని తెచ్చారు?"

"ఎర్ర కంచె మలుపు దగ్గర చూడు. ఒకావిడ స్నోబోర్డు కట్టు తెగింది. భుజాన వేసుకుని నడుస్తోంది. నాలుగు నిమిషాల్లో వచ్చేస్తుంది."

"ఉన్నవి రెండే."

"నాలుగున్నాయి. ఆ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది."

"కంపెనీవాళ్ళు ఎవరికో బహుమానంగా ఇచ్చిన గడియారం, పెద్దాయనా. తప్పెందుకు చెబుతుంది? మీరెక్కండి. ఆవిణ్ణి ఈ పూటకి కింద ఊళ్ళో ఉండమనండి."

"ఆవిడ నాలుగేళ్ళ కూతురు అవతల, పిల్లలకు స్కీ నేర్పే మంచుబడిలో ఎదురుచూస్తోంది. రోడ్డా, మధ్యాహ్నమే మూసేశారు."

"అందుకని ఆపాలా? ఇదేమన్నా మీ తాతగారి లిఫ్టా?"

"కాదులే. మా తాత గొర్రెలు కాసేవాడు. ఆయనకి గడియారం లేదు. ఒక్క గొర్రె తగ్గినా దొడ్డి మూసేవాడు కాదు."

సెవెరీనోకు నవ్వు వచ్చేదే. ఈలోగా ఫోను మోగింది.

"చివరి కుర్చీ నంబరెంత?" కాపో గొంతు.

సెవెరీనో మలుపు వైపు చూశాడు. తెల్లటి వాలు మీద నీలిచుక్క ఒకటి మెల్లగా దొర్లుతోంది. గడియారం చూశాడు. నాలుగున్నర. తరువాత తన మోకాళ్ళను చూసుకున్నాడు.

"నలభై ఒకటి."

నలభై ఒకటో కుర్చీ ఎర్రపలకతో, ఖాళీగా, రాజలాంఛనంలా పైకి సాగిపోయింది. గొలుసు పడింది.

ముసలాయన కోప్పడలేదు.

"నువ్వు సరిగ్గానే చేశావు, నాయనా. కష్టమంతా అందులోనే ఉంది."

అని వెనుదిరిగి, ఆవిడకు ఎదురు వెళ్ళాడు.

శనివారం పొద్దున కాపో స్వయంగా వేంచేశాడు.

"వారంలో మొదటిసారి టైముకి మూశావోయ్. ఇలాగే ఉండు, మైదానం సంగతి మర్చిపోతాను."

అప్పుడే పైనుంచి దిగిన కుర్చీలోంచి ఒక స్త్రీ లేచి వచ్చింది. నీలి దుస్తులు. చేతిలో మగవాళ్ళ పాత కోటు.

"ఇది ఎవరికివ్వాలో తెలీలేదు," అంది. "నిన్న ఒక పెద్దాయన తన కోటు నాకు కప్పి, నన్ను నడిపించుకుంటూ కనుమ మీది కాపలా గదిదాకా తెచ్చారు. నా బోర్డు కూడా ఆయనే మోశారు. లోపలికి రండి అంటే, 'లోపల గడియారం ఉంటుందమ్మా, నేను బయటే కూర్చుంటాను' అన్నారు. వేడి సూపు పట్టుకుని నేను వచ్చేసరికి బల్లమీద అలాగే కూర్చునున్నారు. ఎంత పిలిచినా పలకలేదు."

కాపో కోటు అందుకుని, మెడపట్టీ లోపల కుట్టిన పేరు చూశాడు. టోపీ తీసేశాడు.

"ఎవరాయన?" అన్నాడు సెవెరీనో.

కాపో జవాబివ్వకుండా గోడమీది గడియారం దించి వెనక్కి తిప్పాడు. ఇత్తడి మీద చెక్కిన అక్షరాలు: 'పదిహేడు శీతకాలాలు ఒక్క నిమిషం ఆలస్యం చేయని విజీలియోకు.'

"ఇది రెండు నిమిషాలు ముందు నడుస్తుందా, కాపో?"

"నడుస్తుంది. అందరికీ తెలుసు. కానీ విచారణలో సరిగ్గానే నడుస్తోందని తేల్చారు. అప్పట్నుంచి దాన్ని సరిచేసే అధికారం ఎవరికీ లేదు."

"ఏ విచారణ?"

కాపో గడియారాన్ని జాగ్రత్తగా మళ్ళీ మేకుకు తగిలించాడు.

"నీ స్టూలు ఆయనదే, సెవెరీనో. ఈ బహుమానం అందుకున్న వారానికే, దీన్ని నమ్మి నాలుగున్నరకు గొలుసు వేసి, ఎర్ర కంచె మలుపులో నడిచొస్తున్న మనిషిని మంచులో చావుకు వదిలేసి ఇంటికి వెళ్ళినవాడు ఆయనే."